సీపీ ఉల్లంఘన మోడల్‌ను ప్రయోగ ఫలితాలతో పరీక్షించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

1964లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో క్రిస్టెన్సన్, క్రోనిన్, ఫిచ్, టర్లే ఒక చిన్న సంఖ్యను కొలిచారు. ఎక్కువ కాలం బతికే తటస్థ కేయాన్లలో వెయ్యింటికి సుమారు రెండు, జరగకూడని విధంగా రెండు పైయాన్లుగా విడిపోతున్నాయి (కేయాన్, పైయాన్ రెండూ క్వార్కులతో ఏర్పడే అల్పాయుష్షు కణాలు). కణాలన్నిటినీ ప్రతికణాలుగా మార్చి (అది సీ), అద్దంలో చూసినట్టు దిశలను తిరగేస్తే (అది పీ) ప్రకృతి నియమాలు మారవని అప్పటిదాకా అందరి నమ్మకం. వెయ్యింటికి రెండు క్షయాలు ఆ నమ్మకాన్ని పడగొట్టాయి.

ఆ ఏడాదే వుల్ఫెన్‌స్టైన్ సూపర్‌వీక్ మోడల్‌తో దీన్ని వివరించారు: సీపీని ఉల్లంఘించేది అతి బలహీనమైన ఒక కొత్త బలం, అది కేయాన్ తన ప్రతికణంగా మారడంలోనే కనిపిస్తుంది, నేరుగా క్షయంలో కాదు. 1973లో కొబయాషి, మస్కావా మరో దారి చూపించారు: క్వార్కులు మూడు తరాలు ఉంటే సీపీ ఉల్లంఘనకు చోటు దానంతటదే ఏర్పడుతుంది. కేయాన్లలో కనిపించిన ఆ సంఖ్యను రెండు మోడళ్లూ ఇవ్వగలవు. రెండిట్లో ఒకటి తప్పని గట్టిగా తేలేసరికి 1999 వచ్చింది. అన్నేళ్లు ఎందుకు పట్టిందో అర్థమైతే ఈ పని ఎలా చేయాలో సగం అర్థమైనట్టే. మోడల్ చెప్పింది కొలతతో సరిపోవడం ఒక్కటే చాలదు. సరిపోకుండా పోయే అవకాశం ఉండి, అయినా సరిపోతేనే అది పరీక్ష. ఆ అవకాశం ఎక్కడ ఉందో వెతకడం మీదే ఈ మార్గదర్శి అంతా నడుస్తుంది.

క్వాంటమ్ మెకానిక్స్ తెలిసి, కణభౌతిక శాస్త్ర పరిశోధనా పత్రాలు చదవడం మొదలుపెట్టినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: మోడల్‌లో నిజమైన ఫేజ్‌లు ఎన్నో లెక్కపెట్టండి

సీపీ ఉల్లంఘన మోడల్ సమీకరణాల్లోని సంకీర్ణ సంఖ్యల నుంచి వస్తుంది. అయితే కాగితం మీద కనిపించే ప్రతి ఫేజ్‌కీ (సంకీర్ణ సంఖ్య కోణానికి) భౌతిక అర్థం ఉండదు. క్వార్క్ ఫీల్డులను మన ఇష్టం వచ్చినట్టు తిప్పి చాలా ఫేజ్‌లను మాయం చేయవచ్చు. ఎంత తిప్పినా పోనివే లెక్కలోకి వస్తాయి. క్వార్కుల మిక్సింగ్ మ్యాట్రిక్స్ (ఒక రకం క్వార్క్ మరో రకంగా మారే బలాల పట్టిక) విషయంలో సూత్రం సులువు: తరాల సంఖ్య ఎన్ అయితే మిగిలే ఫేజ్‌లు (ఎన్ − 1)(ఎన్ − 2)/2. రెండు తరాలకు సున్నా, మూడింటికి ఒకటి, నాలుగింటికి మూడు. ప్రయోగాల్లో మూడు క్వార్కులే కనిపించిన రోజుల్లో కొబయాషి, మస్కావా ఆరు ఉండాలనే దాకా వెళ్లింది ఈ లెక్కతోనే.

ఫేజ్ విలువ ఎలా రాశామన్నదాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి, రాసే పద్ధతితో సంబంధం లేని రాశులతో పనిచేయండి. ప్రామాణిక నమూనాలో (కొబయాషి-మస్కావా ఫేజ్ ఉన్న, ఇప్పుడు అందరూ వాడే కణ సిద్ధాంతంలో) అలాంటిది యార్ల్‌స్కోగ్ రాశి. దాని విలువ సుమారు 3 × 10⁻⁵. గరిష్ఠంగా అది 0.096 దాకా ఉండవచ్చు. ఇంత చిన్నగా ఉండటానికి కారణం తరాల మధ్య మిక్సింగ్ కోణాలు చిన్నవి కావడం. ఫేజ్ మాత్రం పెద్దదే, దాన్ని చూపే గామా కోణం 65 డిగ్రీల దగ్గర ఉంది. ఈ తేడా మనసులో ఉంచుకోవాలి. ఎందుకంటే కొత్త మోడల్ ఏదైనా కొత్త మిక్సింగ్ దారి తెరిస్తే, ఆ చిన్నతనం ఇచ్చే రక్షణ పోతుంది. అక్కడ పెద్ద ప్రభావాలు కనిపించాలి.

సూపర్‌సిమెట్రీ లాంటి మోడళ్లలో ఫేజ్‌లు నలభైకి పైగా ఉంటాయి. అన్నిటినీ వదిలేస్తే ఏ కొలతకైనా సరిపోయేలా మలచుకోవచ్చు. అలాంటి మోడల్‌ను మొత్తంగా పరీక్షించలేం. ఏ ఫేజ్‌లను ఉంచారు, ఏవి సున్నా అనుకున్నారు, ఎంత పరిధి ఇచ్చారు అన్నది డేటా చూడకముందే రాసి పెట్టుకోండి.

రెండో అడుగు: ఏ కొలతను ఎంచుకోవాలి

ఎక్కువ సమయం పెట్టాల్సిన అడుగు ఇదే.

ఒక క్షయం ఒకే దారిలో జరిగితే, దాని సంభావ్యతలో ఫేజ్ కనిపించదు. రెండు దారులు ఉండి, అవి ఒకదానితో ఒకటి వ్యతికరణం చెందితేనే బయటపడుతుంది. దానికి రెండు రకాల ఫేజ్‌లు కావాలి. ఒకటి వీక్ ఫేజ్. అది మోడల్ నుంచి వస్తుంది, ప్రతికణం దగ్గరికి వెళ్తే గుర్తు మారుతుంది. రెండోది స్ట్రాంగ్ ఫేజ్. అది క్వార్కుల మధ్య ప్రబల బలం నుంచి వస్తుంది, కణానికీ ప్రతికణానికీ ఒకటే. మనకు కావలసింది మొదటిది. దాన్ని చూడాలంటే రెండోది కూడా సున్నా కాకుండా ఉండాలి. మనకు సరిగా లెక్కించడం రానిదీ అదే.

కణం, ప్రతికణం క్షయాల మధ్య అసౌష్ఠవాన్ని ఇలా లెక్కిస్తారు. రెండో దారి బలం మొదటి దారిలో ఆర్ వంతు అనుకోండి. లవంలో: 2 × ఆర్ × సైన్ (వీక్ ఫేజ్) × సైన్ (స్ట్రాంగ్ ఫేజ్). హారంలో: 1 + ఆర్² + 2 × ఆర్ × కొసైన్ (వీక్ ఫేజ్) × కొసైన్ (స్ట్రాంగ్ ఫేజ్). ఆర్ = 0.2, వీక్ ఫేజ్ 65 డిగ్రీలు, స్ట్రాంగ్ ఫేజ్ 30 డిగ్రీలు పెట్టి చూస్తే లవం 0.181, హారం 1.186, అసౌష్ఠవం 15.3 శాతం. ఇప్పుడు రెండు ఫేజ్‌లనూ తారుమారు చేయండి: వీక్ 30, స్ట్రాంగ్ 65. మళ్లీ 15.3 శాతమే. అంటే ఈ ఒక్క సంఖ్య ఎంత కచ్చితంగా కొలిచినా, వీక్ ఫేజ్ 65 అనే మోడల్‌నూ 30 అనే మోడల్‌నూ విడదీయలేదు. డేటా పెరిగినా ఈ చిక్కు తీరదు. స్ట్రాంగ్ ఫేజ్ గురించి వేరే చోటు నుంచి సమాచారం రావాలి.

అందుకే కొలతను ఎంచుకునేటప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: అంచనాకూ కొలతకూ పొంతన కుదరకపోతే, తప్పు ఎవరి మీద పడుతుంది? మోడల్ మీదా, స్ట్రాంగ్ ఫేజ్ మీదా, డిటెక్టర్ మీదా? తప్పు మోడల్ మీద తప్ప ఇంకెక్కడికీ పోలేని కొలతలే పరీక్షకు పనికొస్తాయి. అలాంటివి కొన్ని ఉన్నాయి.

తటస్థ బీ మెసాన్ (బాటమ్ క్వార్క్ ఉన్న కణం) జే-సై కణంగానూ, తక్కువ కాలం బతికే కేయాన్‌గానూ విడిపోయే క్షయం మొదటిది. బీ మెసాన్ నేరుగా విడిపోవచ్చు, లేదా ముందు తన ప్రతికణంగా మారి ఆపై విడిపోవచ్చు. ఈ రెండు దారుల మధ్య వ్యతికరణం కాలంతో పాటు ఊగిసలాడుతుంది. క్షయంలో ఒకే వీక్ ఫేజ్ ఆధిపత్యం చేస్తుంది కాబట్టి, హాడ్రాన్ల (క్వార్కులతో కట్టిన కణాల) వల్ల వచ్చే అనిశ్చితి నిష్పత్తిలో దాదాపు కొట్టుకుపోతుంది. మిగిలేది సైన్ 2బీటా. 2001లో జపాన్‌లోని బెల్, అమెరికాలోని బాబార్ ప్రయోగాలు ఇది సున్నా కాదని నిర్ధారించాయి. ఇప్పుడు దాని విలువ సుమారు 0.71. కొబయాషి-మస్కావా మోడల్ మిగతా కొలతల ఆధారంగా ముందే ఆ ప్రాంతాన్ని సూచించింది. ఆ విలువ ఇంకెక్కడైనా పడి ఉండవచ్చు. అందుకే అది నిజమైన పరీక్ష. 2008లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

రెండోది గామా కోణం. బీ మెసాన్ డీ మెసాన్‌గానూ (చార్మ్ క్వార్క్ ఉన్న కణం) కేయాన్‌గానూ విడిపోయే క్షయాలు లూప్‌లు (మధ్యలో క్షణకాలం పుట్టి పోయే కణాల చక్రాలు) లేకుండా జరుగుతాయి. వీటి అందం ఏమిటంటే, ఆర్‌నూ స్ట్రాంగ్ ఫేజ్‌నూ ఎవరూ సిద్ధాంతంతో లెక్కించక్కర్లేదు. డీ మెసాన్ విడిపోయే వేర్వేరు పద్ధతులను కలిపి చూస్తే అవి డేటా నుంచే దొరుకుతాయి. సిద్ధాంతం వైపు నుంచి వచ్చే సాపేక్ష దోషం కోటిలో ఒక వంతు స్థాయిలో ఉంటుందని అంచనా. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం ఇప్పుడు దీన్ని మూడు డిగ్రీల లోపు దోషంతో 65 డిగ్రీల దగ్గర కొలిచింది.

దీనికి పూర్తిగా భిన్నమైనది బీ మెసాన్ కేయాన్‌గానూ పైయాన్‌గానూ విడిపోయే క్షయం. తటస్థ బీ విషయంలో అసౌష్ఠవం సుమారు −8 శాతం, ఆవేశమున్న బీ తటస్థ పైయాన్‌తో విడిపోయినప్పుడు సుమారు +3 శాతం. రెండూ దగ్గరగా ఉండాలని తొలి అంచనా. తేడా నిస్సందేహంగా ఉంది. అయినా దీన్ని చూపించి ప్రామాణిక నమూనా తప్పని ఎవరూ తేల్చలేకపోయారు, ఎందుకంటే నెపాన్ని స్ట్రాంగ్ ఫేజ్ మీదికి నెట్టే దారి తెరిచే ఉంది. ఇలాంటి కొలతలతో మీ కొత్త మోడల్ చక్కగా సరిపోతే సంతోషించే ముందు ఆలోచించండి.

మూడో అడుగు: అంచనాకు దోషం రాయండి

మోడల్ ఇచ్చే సంఖ్య పక్కన దోషం లేకపోతే పోల్చడానికి ఏమీ లేదు. ఈ దోషంలో రెండు భాగాలుంటాయి. ఇన్‌పుట్ సంఖ్యల కొలతల నుంచి వచ్చేది ఒకటి, సిద్ధాంత లెక్కల్లో వదిలేసిన పదాల నుంచి వచ్చేది మరొకటి. వీటిని విడివిడిగా ఉంచండి. మొదటిది కొత్త డేటాతో తగ్గుతుంది. రెండోది అలా తగ్గదు.

ఇన్‌పుట్ ఎంత ప్రభావం చూపగలదో కేయాన్ ఎప్సిలాన్ రాశితో (1964లో కనిపించిన ఆ ఉల్లంఘన పరిమాణంతో) తెలుస్తుంది. ప్రయోగంలో దాని విలువ 2.228 × 10⁻³, దోషం అర శాతం. కానీ అంచనా వీ-సీబీ అనే మ్యాట్రిక్స్ విలువ (బాటమ్ క్వార్క్ చార్మ్ క్వార్క్‌గా మారే బలం) మీద దాదాపు నాలుగో ఘాతంగా ఆధారపడుతుంది. వీ-సీబీని కొలిచే రెండు పద్ధతులు కొన్నేళ్లుగా పొసగడం లేదు. అన్ని అంతిమ స్థితులనూ కలిపి చూస్తే సుమారు 0.042, ఎంచుకున్న కొన్ని క్షయాలను చూస్తే 0.040కి కాస్త అటూ ఇటూ. ఐదారు శాతం తేడా నాలుగో ఘాతానికి వెళ్లేసరికి ఇంచుమించు పాతిక శాతం అవుతుంది. మీరు ఏ విలువ తీసుకున్నారన్నదాన్ని బట్టే మీ మోడల్ నిలవడమో పడటమో జరగవచ్చు. కాబట్టి రెండు విలువలతోనూ విడిగా లెక్కించి, రెండు జవాబులూ చూపించండి. సగటు తీసి దాచేయడం సరైన పని కాదు.

లాటిస్ లెక్కల (స్థలకాలాన్ని గడులుగా విడగొట్టి ప్రబల బలాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి. కేయాన్ క్షయంలో నేరుగా జరిగే సీపీ ఉల్లంఘనను ఎప్సిలాన్-ప్రైమ్, ఎప్సిలాన్‌ల నిష్పత్తితో కొలుస్తారు. ప్రయోగ సగటు (16.6 ± 2.3) × 10⁻⁴. 2015లో ఆర్‌బీసీ-యూకేక్యూసీడీ బృందం మొదటిసారి లాటిస్ మీద దీన్ని లెక్కించి, దోషాలన్నీ కలిపితే ±7 వచ్చేలా 1.4 × 10⁻⁴ అని చెప్పింది. తేడా రెండు సిగ్మాలు (సిగ్మా అంటే ఒక ప్రామాణిక దోషం అంత దూరం). దాన్ని పూడ్చడానికి కొత్త భౌతికశాస్త్రం మోడళ్లు చాలానే వచ్చాయి. 2020లో ఆ బృందమే మరిన్ని ఆపరేటర్లతో లెక్క మళ్లీ చేసింది. రెండు పైయాన్ల స్థితిలో దగ్గర్లోని మరో శక్తి స్థాయి కలిసిపోయి ఉందని తేలింది. కొత్త విలువ 21.7 × 10⁻⁴, దోషం మొత్తం 8.4. ప్రయోగంతో హాయిగా సరిపోతుంది. లాటిస్ బృందం తన లెక్కను తానే సరిదిద్దుకున్న తీరు నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ఆ మధ్యకాలంలో రెండు సిగ్మాల తేడా మీద కట్టిన మోడళ్లకు మాత్రం ఆధారం పోయింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. పరీక్షించబోయే కొలతను ఇన్‌పుట్లలో కలపకండి. యూనిటారిటీ త్రిభుజం (మిక్సింగ్ మ్యాట్రిక్స్ నుంచి వచ్చే, ఆల్ఫా, బీటా, గామా కోణాలున్న త్రిభుజం) ఫిట్‌లో సైన్ 2బీటా ఉండగా, ఆ ఫిట్ ఇచ్చిన విలువను మళ్లీ సైన్ 2బీటాతో పోలిస్తే మీరు కొలతను దానితోనే పోల్చినట్టు. ఆ ఒక్కదాన్నీ తీసేసి ఫిట్ మళ్లీ నడిపి, వచ్చిన అంచనాతో పోల్చాలి. సీకేఎమ్‌ఫిట్టర్, యూటీఫిట్ బృందాలు ఇలా ఒక్కొక్కటీ తీసేసిన ఫలితాలను ప్రచురిస్తాయి. వాటినే వాడండి.

నాలుగో అడుగు: ప్రయోగం అసలు ఏం కొలిచిందో చదవండి

డిటెక్టర్‌లో లెక్కపెట్టిన కణాలకూ ప్రతికణాలకూ మధ్య తేడా మొత్తం సీపీ ఉల్లంఘన కాదు. ఎల్‌హెచ్‌సీలో ఢీకొనేవి ప్రోటాన్లు, అంటే మొదలే పదార్థం వైపు మొగ్గు ఉంది. అందువల్ల కణాలు, ప్రతికణాలు సమానంగా పుట్టవు. డిటెక్టర్ కూడా పదార్థంతోనే తయారైంది. ఋణావేశ కేయాన్ దానితో ధనావేశ కేయాన్ కన్నా ఎక్కువగా చర్య జరుపుతుంది. వీటిని తీసేయడానికి ప్రయోగకర్తలు అయస్కాంత దిశను తిప్పుతూ డేటా తీస్తారు, తెలిసిన క్షయాలతో సరిచూసుకుంటారు.

చార్మ్ క్వార్కులో సీపీ ఉల్లంఘన దొరికింది ఇలాంటి ఒక ఉపాయంతోనే. డీ మెసాన్ రెండు కేయాన్లుగా విడిపోయినప్పుడు ఉన్న అసౌష్ఠవం నుంచి, రెండు పైయాన్లుగా విడిపోయినప్పటి అసౌష్ఠవాన్ని తీసేస్తే, పుట్టుకలోనూ గుర్తింపులోనూ ఉన్న మొగ్గు రెండిట్లోనూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. 2019లో ఎల్‌హెచ్‌సీబీ ప్రకటించిన తేడా (−15.4 ± 2.9) × 10⁻⁴, అంటే 5.3 సిగ్మా. పది వేలలో పదిహేనును నమ్మగలిగేలా కొలవడం చిన్న విషయం కాదు.

కాలంతో మారే అసౌష్ఠవాల్లో ఇంకో చిక్కు ఉంది. పుట్టినప్పుడు అది బీ మెసానా, దాని ప్రతికణమా అని ఊహించాలి. దీన్ని ట్యాగింగ్ అంటారు. తప్పు ఊహల వాటా డబ్ల్యూ అయితే కనిపించే అసౌష్ఠవం అసలు దానికి (1 − 2డబ్ల్యూ) రెట్లే. ఫలితంగా ట్యాగింగ్ శక్తి, అంటే నిజంగా పనికొచ్చే క్షయాల వాటా, బీ ఫ్యాక్టరీల్లో (బెల్, బాబార్‌లలో) సుమారు 30 శాతం, ఎల్‌హెచ్‌సీబీలో నాలుగైదు శాతం. ఒక శాతం అసౌష్ఠవాన్ని ఐదు సిగ్మాలతో చూడాలంటే దోషం 0.2 శాతం ఉండాలి, అంటే రెండున్నర లక్షల క్షయాలు. ట్యాగింగ్ శక్తి 5 శాతమైతే అది 50 లక్షలవుతుంది. బీ-ఎస్ మెసాన్ పికోసెకనుకు 17.8 రేడియన్ల వేగంతో ఊగుతుంది. డిటెక్టర్ కాల స్పష్టత 45 ఫెమ్టోసెకన్లైతే ఊగిసలాట ఎత్తు 73 శాతానికి తగ్గి కనిపిస్తుంది.

ప్రచురించిన విలువల్లో ఈ సవరణలన్నీ చేసేసే ఉంటాయి. మళ్లీ చేయకండి. మీరు చూడాల్సినవి మూడు: గుర్తు ఏ పద్ధతిలో రాశారు, సిస్టమాటిక్ దోషాలు ఏ కొలతలతో ఉమ్మడిగా ఉన్నాయి, కోరిలేషన్ మ్యాట్రిక్స్ ఇచ్చారా. గుర్తుల గొడవ నిజంగానే ఉంది. బాబార్ పత్రాల్లో ఆల్ఫా, బీటా, గామా అని ఉన్న కోణాలే బెల్ పత్రాల్లో ఫై-2, ఫై-1, ఫై-3. నేరుగా జరిగే అసౌష్ఠవానికి ఒకరు సీ అని రాస్తే, మరొకరు దానికి వ్యతిరేక గుర్తుతో ఏ అని రాస్తారు. ఒక్క మైనస్ గుర్తు మోడల్‌ను అన్యాయంగా చంపగలదు.

ఐదో అడుగు: పోల్చండి

ఒక నిజమైన ఉదాహరణతో చేద్దాం. సూపర్‌వీక్ మోడల్ ప్రకారం ఎప్సిలాన్-ప్రైమ్ నిష్పత్తి సున్నా. 1993 నాటికి రెండు ఫలితాలున్నాయి. సెర్న్‌లో ఎన్‌ఏ31: 23.0 ± 6.5. ఫెర్మిల్యాబ్‌లో ఈ731: 7.4 ± 5.9. రెండూ 10⁻⁴ ప్రమాణంలో.

దోషం వర్గానికి విలోమంగా భారం ఇచ్చి సగటు తీయండి. మొదటిదాని భారం 0.0237, రెండోదానిది 0.0287. సగటు 14.4, దోషం 4.4. సున్నా నుంచి 3.3 సిగ్మాల దూరం. ఇక్కడ ఆగిపోతే సూపర్‌వీక్ మోడల్ పోయిందని రాసేస్తాం. కానీ ఆ రెండు కొలతలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? వాటి తేడా 15.6, తేడా మీద దోషం 8.8, కై-స్క్వేర్ 3.2. ఒక స్వేచ్ఛాంకానికి ఇది ఎక్కువే. పార్టికల్ డేటా గ్రూప్ ఇలాంటప్పుడు దోషాన్ని కై-స్క్వేర్‌ను స్వేచ్ఛాంకాల సంఖ్యతో భాగించగా వచ్చిన దాని వర్గమూలంతో గుణిస్తుంది, అంటే ఇక్కడ 1.78తో. దోషం 7.8 అవుతుంది. సున్నా నుంచి దూరం 1.9 సిగ్మాలకు పడిపోతుంది.

అందుకే ఆ ప్రశ్న తెరిచే ఉండిపోయింది. రెండు వైపులా కొత్త డిటెక్టర్లు కట్టారు. 1999లో ఫెర్మిల్యాబ్‌లో కేటెవ్ 28.0 ± 4.1 ప్రకటించింది, సెర్న్‌లో ఎన్‌ఏ48 దాన్ని సమర్థించింది. సూపర్‌వీక్ మోడల్ కథ అక్కడితో ముగిసింది. గమనించండి, మోడల్ అంచనా సున్నా కాబట్టి హాడ్రాన్ అనిశ్చితి దాన్ని కాపాడలేకపోయింది. సున్నా అని కచ్చితంగా చెప్పగల మోడల్ పరీక్షకు అన్నిటికన్నా బాగా లొంగుతుంది. ఎదురుగా ఉన్న కొబయాషి-మస్కావా మోడల్‌కు అప్పట్లో ఈ కొలత పరీక్షే కాదు, దాని అంచనా అంత విశాలంగా ఉండేది.

కొలతలు ఎక్కువైనప్పుడు పద్ధతి ఇదే, కాకపోతే కోరిలేషన్ మ్యాట్రిక్స్‌తో కై-స్క్వేర్ రాయాలి. అనిశ్చితి ఉన్న ఇన్‌పుట్లను స్వేచ్ఛగా వదిలి, వాటి దోషాలకు తగిన పెనాల్టీ పదాలు చేర్చి, కనిష్ఠ విలువ వెతకండి. ఒక పరామితికి 68 శాతం పరిధి కై-స్క్వేర్ 1 పెరిగే చోట ఉంటుంది. రెండు పరామితులను కలిపి గీస్తే 68 శాతానికి 2.30, 95 శాతానికి 5.99. ఈ సంఖ్యలను కలగాపులగం చేసి గీసిన బొమ్మలు తరచూ కనిపిస్తాయి.

కోణాల విషయంలో ఈ సులువు పద్ధతి కూడా దారి తప్పిస్తుంది. సైన్ విలువ ఒక్కటే తెలిస్తే కోణానికి రెండు జవాబులు. లైక్లీహుడ్‌కు చాలా లోయలుంటాయి, పారాబోలా ఆకారం ఉండదు. అప్పుడు కృత్రిమ డేటా వేల సార్లు పుట్టించి, మీ ఫిట్ 68 శాతం అని చెప్పిన పరిధిలో అసలు విలువ నిజంగా 68 శాతం సార్లు పడుతోందా అని చూడండి. సీకేఎమ్‌ఫిట్టర్ ఫ్రీక్వెన్సీ దారిలో, యూటీఫిట్ బేసియన్ దారిలో నడుస్తాయి. రెండు దారుల్లోనూ జవాబు ఒకేలా వస్తే దాన్ని నమ్మవచ్చు. వేరైతే, మీ డేటా కన్నా ముందే పెట్టుకున్న ఊహలే ఎక్కువ మాట్లాడుతున్నాయని అర్థం.

లెక్కలకు ఫ్లేవియో లాంటి పైథాన్ ప్యాకేజీలున్నాయి. కొలతలకు హెచ్‌ఎఫ్‌ఎల్‌ఏవీ సగటులు, పార్టికల్ డేటా గ్రూప్ పట్టికలు, హెచ్‌ఈపీడేటా. లాటిస్ ఇన్‌పుట్లకు ఫ్లాగ్ సమీక్ష.

ఆరో అడుగు: తేడా కనిపిస్తే తొందరపడకండి

యాభై స్వతంత్ర కొలతలుంటే, మోడల్ పూర్తిగా నిజమైనా రెండు సిగ్మాలు దాటేవి సగటున రెండుకు పైగా ఉంటాయి. వంద కొలతల్లో కనీసం ఒకటి మూడు సిగ్మాలు దాటే అవకాశం 24 శాతం. అందుకే ఎన్ని చోట్ల వెతికారో చెప్పకుండా మూడు సిగ్మాలు దొరికాయని రాస్తే అది సగం సమాచారమే.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 2010లో ఫెర్మిల్యాబ్‌లోని డీ-జీరో ప్రయోగం జంట మ్యూయాన్లలో మూడు సిగ్మాలకు పైగా తేడా చూపించింది. ఇతర ప్రయోగాలు దాన్ని నిర్ధారించలేదు. 2011లో ఎల్‌హెచ్‌సీబీ ఇందాక చెప్పిన చార్మ్ తేడాను −0.82 శాతంగా, 3.5 సిగ్మాలతో కొలిచింది. డేటా పెరిగేకొద్దీ అది కరిగి, చివరికి 2019లో నిలబడిన విలువ అందులో ఐదో వంతు. ఉల్లంఘన నిజం, మొదటి పరిమాణం నిజం కాదు. ఆ పెద్ద విలువ కోసం కట్టిన మోడళ్లు దానితోపాటే పోయాయి.

ప్రయోగకర్తలు దీన్ని ఎదుర్కోవడానికి జవాబును కప్పి ఉంచి విశ్లేషణ పూర్తిచేస్తారు. అన్ని తనిఖీలూ ముగిశాకే తెర తీస్తారు. సిద్ధాంతం వైపు కూడా ఇదే క్రమశిక్షణ కావాలని నా గట్టి అభిప్రాయం. కొలత రాకముందే అంచనాను, దాని దోషాన్ని ప్రచురించండి.

ఏడో అడుగు: వేరే రంగాల్లో అదే మోడల్ ఏమంటుందో అడగండి

బీ మెసాన్లలో బాగా పనిచేసిన మోడల్ ఎలక్ట్రాన్ దగ్గర కూలిపోవచ్చు. ఎలక్ట్రాన్, న్యూట్రాన్‌ల విద్యుత్ డైపోల్ మూమెంట్ (కణం లోపల ధన, ఋణ ఆవేశాల ఎడం) సీపీ ఉల్లంఘనకు సూటి కొలమానం. న్యూట్రాన్‌కు 2020లో స్విట్జర్లాండ్‌లోని పీఎస్‌ఐ పరిశోధనా కేంద్రంలో వచ్చిన పరిమితి, ఎలక్ట్రాన్ ఆవేశం × సెంటీమీటర్ ప్రమాణంలో, 1.8 × 10⁻²⁶. ఎలక్ట్రాన్‌కు 2023లో అమెరికాలోని జైలా బృందం ఇచ్చిన పరిమితి 4.1 × 10⁻³⁰. క్వార్క్ మిక్సింగ్ నుంచి వచ్చే ప్రామాణిక నమూనా అంచనాలు వీటికన్నా చాలా కిందున్నాయి, కాబట్టి ఇక్కడ ఏది కనిపించినా కొత్తదే. కొత్త ఫేజ్‌లున్న మోడల్‌లో సగానికి పైగా పరామితులు ఈ ఒక్క తనిఖీతోనే పోయినా ఆశ్చర్యం లేదు. న్యూట్రాన్ పరిమితి ప్రబల బలంలోని థీటా ఫేజ్‌ను కూడా 10⁻¹⁰ కన్నా కిందికి తోసేస్తుంది. అంత చిన్నగా ఎందుకుందో మీ మోడల్ వివరించకపోయినా పరవాలేదు, దాన్ని పెంచకుండా ఉంటే చాలు.

విశ్వంలో ఫోటాన్లకూ మిగిలిన బేరియాన్లకూ (ప్రోటాన్, న్యూట్రాన్ లాంటి కణాలకూ) ఉన్న నిష్పత్తి, వెయ్యి కోట్ల ఫోటాన్లకు ఆరు బేరియాన్లు, మరో ప్రమాణం. క్వార్క్ మిక్సింగ్ ఫేజ్ ఒక్కటే దాన్ని ఇవ్వలేదు. అయితే ఇక్కడ మోడల్‌తో పాటు తొలి విశ్వం గురించిన ఊహలు కూడా చేరతాయి కాబట్టి దీన్ని పరీక్షగా కన్నా ప్రేరణగానే చూస్తాను. 2025లో ఎల్‌హెచ్‌సీబీ లాంబ్డా-బీ బేరియాన్ క్షయాల్లో 2.45 శాతం అసౌష్ఠవాన్ని 5.2 సిగ్మాలతో చూపించింది. బేరియాన్లలో ఇది మొదటి ఆవిష్కరణ. కానీ స్ట్రాంగ్ ఫేజ్‌లు చెప్పలేని క్షయం ఇది, రెండో అడుగులో చెప్పిన ప్రశ్న దీనికీ వర్తిస్తుంది.

న్యూట్రినోల్లో చిక్కు వేరు. భూమిలో ఎలక్ట్రాన్లున్నాయి, పాజిట్రాన్లు లేవు. అందువల్ల న్యూట్రినోలు, ప్రతిన్యూట్రినోలు భూమిలోంచి వెళ్తూ సీపీ ఉల్లంఘన లేకపోయినా వేర్వేరుగా మారతాయి. ఆ తేడా దూరంతో పెరుగుతుంది, ద్రవ్యరాశుల క్రమాన్ని బట్టి గుర్తు మారుతుంది. జపాన్‌లోని టీ2కే ప్రయోగంలో న్యూట్రినోలు వెళ్లే దూరం 295 కిలోమీటర్లు, అమెరికాలోని నోవా ప్రయోగంలో 810. రెండిటినీ కలిపితేనే ఫేజ్‌నూ క్రమాన్నీ విడదీయడం మొదలవుతుంది. మీ మోడల్ న్యూట్రినో ఫేజ్‌ను ఊహిస్తే, రెండు క్రమాలకూ ఫలితాలను విడిగా రాయండి.

ఎనిమిదో అడుగు: ఫలితంలో ఏం రాయాలి

పరామితుల్లో ఏ ప్రాంతం పోయింది, ఏ కొలత వల్ల పోయింది, ఏ ఇన్‌పుట్ మారిస్తే తిరిగి వస్తుంది. ఈ మూడూ ఉండాలి. వాటితోపాటు మిగిలిన ప్రాంతాన్ని ఏ కొలత, ఎంత కచ్చితత్వంతో తేల్చగలదో రాయండి. ఉదాహరణకు, ఎక్కువ కాలం బతికే కేయాన్ తటస్థ పైయాన్‌గానూ రెండు న్యూట్రినోలుగానూ విడిపోయే క్షయం దాదాపు పూర్తిగా సీపీ ఉల్లంఘనతోనే జరుగుతుంది, హాడ్రాన్ అనిశ్చితి చాలా తక్కువ. ప్రామాణిక నమూనా అంచనా సుమారు 3 × 10⁻¹¹. ఆవేశమున్న కేయాన్‌కు సెర్న్‌లోని ఎన్‌ఏ62 కొలిచిన 13 × 10⁻¹¹ విలువను 4.3తో గుణిస్తే, గ్రాస్‌మన్-నీర్ సంబంధం ప్రకారం ఏ మోడల్ అయినా దాటకూడని గీత దొరుకుతుంది: సుమారు 5.6 × 10⁻¹⁰. జపాన్‌లో కోటో ప్రయోగం ఇప్పటిదాకా ఇచ్చిన పరిమితి 2.2 × 10⁻⁹, ఆ గీతకు ఇంకా నాలుగు రెట్లు పైన. కాబట్టి మీ మోడల్ 4 × 10⁻¹⁰ అని చెబితే, కోటో పరిమితిని అది దాటలేదని గొప్పగా రాయకండి. అక్కడ పరీక్ష ఇంకా మొదలుకాలేదని, కోటో ఆరు రెట్లు మెరుగుపడితే మొదలవుతుందని రాయండి.